అష్టాదశ వర్ణనలు, హమ్రియా వీధులు

మహాకావ్యంలో ఏయే వర్ణనలు ఉండాలో దండి కావ్యాదర్శంలో చెప్పాడు. నగరం, సముద్రం, పర్వతం, ఋతువులు, చంద్రోదయం, సూర్యోదయం, ఉద్యానవిహారం, జలక్రీడ, వివాహం, కుమారోదయం, ప్రయాణం – ఇలా సాగే ఆ పట్టికను పద్దెనిమిదిగా లెక్కగట్టి అష్టాదశ వర్ణనలు అన్నారు. తెలుగు ప్రబంధకవులు దీన్ని శ్రద్ధగా పాటించారు. కథ ఏ ఊరిదైనా కొండ రావలసిన చోట కొండ, వెన్నెల రావలసిన చోట వెన్నెల వచ్చాయి. ఆ పట్టికకు ఎప్పుడో కాలం చెల్లిందని సాహిత్య చరిత్రలు చదివినవారికి అనిపించవచ్చు. కానీ ఒమాన్‌లో ఉద్యోగం చేసే ఒక తెలుగు కుటుంబం పదేళ్ళలో పోగుచేసుకునే ఫోటోలను వరుసగా పేర్చి చూస్తే, దాదాపు అదే పట్టిక మళ్ళీ కనిపిస్తుంది. రాత్రి దీపాల వెలుగులో మత్రా తీరం నగరవర్ణన. కంతబ్, బందర్ ఖైరాన్ సముద్రవర్ణన. జబల్ షమ్స్ అంచున నిలబడి తీసిన చిత్రం పర్వతవర్ణన. సలాలాలో ఖరీఫ్ జల్లులు ఋతువర్ణన. వాదీ షాబ్ మడుగులో పిల్లల ఈత జలక్రీడ. పుట్టినరోజులు కుమారోదయం. ఇక సెలవు దొరికిన ప్రతిసారీ ప్రయాణమే.

ఈ పోలిక ఎవరినీ ఎగతాళి చేయడానికి కాదు. ప్రబంధవర్ణనలలో గొప్ప కవిత్వం ఉంది. ఈ ఆల్బములలోనూ మంచి ఫోటోలు ఉన్నాయి. పరిశీలించవలసింది పట్టికలో లేని వాటి సంగతి. మస్కట్‌లో వేలాది భారతీయుల తొలి చిరునామా హమ్రియా. రువీ వాణిజ్య కేంద్రానికి ఆనుకుని, మత్రా విలాయత్‌లో, గోధుమరంగు కొండల మధ్య ఇరుకుగా పరుచుకున్న పేట అది. అక్కడ ఏళ్ళతరబడి బతికినవారి ఆల్బములలో కూడా ఆ పేట దాదాపు కనిపించదు. ఇంటి నుంచి నూట యాభై కిలోమీటర్ల దూరంలోని మడుగుకు యాభై ఫోటోలు ఉంటాయి. ఇంటి ముందరి వీధికి ఒక్కటీ ఉండదు. ఈ లోటు ఎలా ఏర్పడింది, దానివల్ల పోయేదేమిటి, తెలుగువారి సొంత సంప్రదాయంలో దానికి విరుగుడు ఏమైనా ఉందా అన్నవి ఈ వ్యాసంలోని ప్రశ్నలు.

1. చూడదగ్గది ఏది?

ఇంటికి దగ్గరలోని ప్రకృతిని చూసిరావడం, చూసినదాన్ని చిత్రంగా తెచ్చుకోవడం అనే అలవాటుకు ఒక చరిత్ర ఉంది. ఇంగ్లండులో విలియం గిల్పిన్ అనే మతాచార్యుడు వై నదీతీర విహారం మీద 1782లో ఒక పుస్తకం వేశాడు. ఏ దృశ్యం బొమ్మకు తగినది, ఏది కాదు అని నిర్ణయించే సూత్రాలను అది ప్రచారంలోకి తెచ్చింది. ముందు భాగంలో గరుకైన రాయి, పక్కన ఒక చెట్టు, నడుమ నీరు, దూరంగా మసక కొండలు, వీలైతే ఒక శిథిలం. ఆ కాలపు విహారులు క్లోడ్ అద్దం అనే నల్లని కుంభాకార దర్పణాన్ని వెంట తీసుకువెళ్ళేవారు. దృశ్యానికి వీపు తిప్పి నిలబడి, అద్దంలో దాన్ని పొందికగా, రంగులు మెత్తబడి చూసుకుని ఆనందించేవారు. చేతి ఫోనును ఎత్తిపట్టుకుని, కొండకు వీపు తిప్పి, తెరలో తననూ కొండనూ కలిపి చూసుకునే నేటి యాత్రికుడి భంగిమ రెండు శతాబ్దాల కిందటే సిద్ధమైందన్నమాట.

కెమెరా ఈ సూత్రాలను యంత్రంలో ఇమిడ్చింది. ఒమాన్ కొండల విషయంలో ఇది స్పష్టంగా తెలుస్తుంది. మస్కట్, మత్రా, రువీల చుట్టూ ఉన్న కొండలు ఎక్కువ భాగం ఒకనాటి సముద్రగర్భపు రాయి. సుమారు తొమ్మిదిన్నర కోట్ల సంవత్సరాల కిందట సముద్రం అడుగున ఏర్పడిన పొర, దాని కిందనున్న పెరిడొటైట్ అనే శిలతో సహా అరేబియా అంచు మీదికి నెట్టుకు వచ్చింది. ఇంత విస్తారంగా, ఇంత విప్పారి కనిపించే చోటు భూమిమీద మరొకటి లేదని భూవిజ్ఞానులు సమాయిల్ శిలాశ్రేణిని చూడడానికి వస్తారు. ఆ రాయి లోపల ముదురు ఆకుపచ్చ. గాలీ ఎండా తగిలి పైన ఇనుము తుప్పురంగుకు, కొన్నిచోట్ల దాదాపు నలుపుకు తిరుగుతుంది. వాననీటిలో కరిగి వచ్చిన బొగ్గుపులుసు వాయువును ఈ శిల పట్టుకుని తెల్లని ఖనిజంగా మార్చుకుంటుంది. కొండచరియల్లో కనిపించే తెల్లని గీతల్లో చాలావాటి పుట్టుక ఇదే. వాతావరణంలోని ఆ వాయువును రాయిలో బంధించవచ్చా అన్న పరిశోధనలు ఒమాన్‌లో జరుగుతున్నది ఇందుకే.

హమ్రియాలో ఏ మిద్దె ఎక్కినా ఎదురుగా కనబడేది ఈ జాతి రాయే. కానీ ఆల్బములో అది అలా రాదు. సూర్యాస్తమయ వేళను ఎంచుకోవడం, ఆపైన రంగును హెచ్చించడం వల్ల తుప్పురంగు బంగారువన్నెకు మారుతుంది. వెడల్పు కోణపు కటకం దగ్గరి వస్తువులను పెద్దవి చేసి కొండను వెనక్కు నెడుతుంది. దూరపు కటకం మధ్యలోని ఇళ్ళనూ తీగలనూ తప్పించి కొండను ముందుకు లాగుతుంది. ఫోనులోని గణన చీకటి మూలలను వెలిగించి, ఆకాశాన్ని సరిదిద్ది, అన్ని ఊళ్ళ కొండలకూ ఒకే వెలుతురును పంచుతుంది. వీటిలో ఏదీ మోసం కాదు. ప్రతి కళకూ పరికరాల స్వభావం ఉంటుంది. అయితే ఫలితంగా వచ్చే కొండ ప్రబంధంలోని కొండ. అది హమ్రియా కొండ కానక్కరలేదు.

సూజన్ సాంటాగ్ 1977లో వెలువరించిన ఆన్ ఫోటోగ్రఫీలో ఒక సూక్ష్మమైన పరిశీలన ఉంది. కష్టపడి పనిచేయడమే ధర్మంగా పెరిగిన సమాజాలవారు సెలవులో పని లేకపోవడాన్ని భరించలేక, పనిలాంటి పనిగా ఫోటోలు తీస్తారని ఆమె అంటారు. ప్రవాస వృత్తినిపుణులకు ఈ మాట బాగా తగులుతుంది. ఆస్పత్రిలోనో కార్యాలయంలోనో వారమంతా గడియారంతో పరుగెత్తినవారికి శుక్రవారం ఉదయం కూడా ఒక లక్ష్యం కావాలి. ఒక చోటును చూసి, తీసి, పంపి ముగించాలి. ఫ్రెంచి సామాజిక శాస్త్రవేత్త పియరి బూర్దియూ 1965లో సహచరులతో కలిసి సాధారణ ప్రజల ఫోటోగ్రఫీ మీద ప్రచురించిన అధ్యయనం మరో సంగతి చెబుతుంది. సామాన్యుల ఫోటోలో ఏది తీయదగ్గదో నిర్ణయించేది వ్యక్తి అభిరుచి కన్నా అతని వర్గపు మర్యాద. ఈ రెండూ కలిస్తే ఆల్బములో హమ్రియా లేకపోవడానికి సగం కారణం తెలుస్తుంది. అది సాధించవలసిన గమ్యం కాదు. బంధువులకు చూపదగ్గ చిరునామా కూడా కాదు.

2. వింత, దాని కింద రాత

దృశ్యాల తర్వాత ఆల్బములలో చోటు వింతలది. కురియాత్ నుంచి సూర్ వెళ్ళే దారిలో బిమ్మా గుంట ఒకటి. నేల ఉన్నట్టుండి గుండ్రంగా కుంగి, అడుగున నీలి ఆకుపచ్చ నీరు. నక్షత్రం పడి ఏర్పడిందని స్థానిక కథ. అక్కడి ఉద్యానం పేరులోనూ ఆ నక్షత్రం ఉంది. నిజానికి అది సున్నపురాయి నీటికి కరిగి, పైకప్పు కూలి ఏర్పడిన గుంట. కర్నూలు, నంద్యాల ప్రాంతాల తెలుగువారికి ఈ ప్రక్రియ పరాయిది కాదు. బెలుం గుహలను తొలిచిందీ సున్నపురాతిని కరిగించిన నీరే. బిమ్మా గుంటను తీసిన వందల ఫోటోల కింద ‘అద్భుతం’ అన్న మాట ఉంటుంది. బెలుంను తలచుకున్న రాత అరుదు. వింతను వింతగానే వదిలేస్తే అది ఎక్కడిదైనా కావచ్చు. తనకు తెలిసిన నేలతో పోల్చి చూసినప్పుడే అది ఒక చోటికి చెందుతుంది. తీసినవాడూ ఒక ఊరివాడవుతాడు.

పాత మస్కట్ రేవులో ఇంకొక వింత ఉంది. పదహారో శతాబ్దంలో పోర్చుగీసువారు కట్టిన జలాలీ, మిరానీ కోటల నడుమ రేవును చుట్టిన రాళ్ళ మీద, అక్కడ లంగరు వేసిన ఓడల పేర్లు పెద్ద పెద్ద అక్షరాలతో రాసి ఉంటాయి. తరతరాల నావికులు కొండ ఎక్కి తెల్లరంగుతో తమ ఓడ పేరు పూసి వెళ్ళారు. అది మస్కట్ సందర్శకుల పుస్తకమని చమత్కరించేవారు. కెమెరా చేతికి రాకముందు యాత్రికుడి ఫోటో ఇదే. తాను వచ్చినట్టు చోటు మీద గుర్తు వేయడమే దాని పని. ఆ చోటు గురించి అది ఒక్క మాటా చెప్పదు. కోట ముందు, మడుగు ముందు, రియామ్ కొండమీది పెద్ద ధూపకలశం ముందు నిలబడి తీయించుకునే చిత్రాలలో చాలా భాగం ఈ కోవలోనివే. ఓడ పేరు తెలుస్తుంది, రేవు తెలియదు.

ఇందులో ఒక వైరుధ్యం ఉంది. రెండు రోజులు లంగరు వేసిన ఓడ పేరు ఆ రాతిమీద ఏళ్ళతరబడి నిలిచింది. హమ్రియాలో పాతికేళ్ళు ఉండి ఆ నగరపు రోడ్లు వేసినవారి, ఆస్పత్రులలో రాత్రి విధులు చేసినవారి గుర్తు ఎక్కడా లేదు. గల్ఫ్‌లో నివాసం కొలువును అంటిపెట్టుకుని ఉంటుంది. కొలువు ముగిస్తే వీసా ముగుస్తుంది, గది ఖాళీ అవుతుంది, ఆ గదిలోకి మరొకరు వస్తారు. తరాలుగా ఒకచోట ఉండేవారికి ఇల్లు, సమాధి, గుడి, భూమి కాగితాలు చరిత్రను నిలుపుతాయి. ఇలా వచ్చి పోయేవారికి ఆ ఆధారాలు లేవు. వారు తీసుకున్న ఫోటోలే వారి దస్తావేజులు. ఆ ఫోటోలలో వారు బతికిన చోటు లేకపోతే ఇక మరెక్కడా ఉండదు.

3. హమ్రియా ఎందుకు దస్తావేజు కావాలి

రువీ లోయ చరిత్ర వేగంగా మారినది. 1970 జూలైలో సుల్తాన్ ఖాబూస్ అధికారానికి రాకముందు అక్కడ ప్రధానంగా ఉన్నవి బైత్ అల్ ఫలజ్ కోట, సైనిక స్థావరం, కొండల మధ్య ఇరుకైన ఒక విమానాల దిగుడు స్థలం. 1973లో సీబ్ విమానాశ్రయం మొదలయ్యాక లోయ వాణిజ్య కేంద్రంగా మారింది. బ్యాంకులు, బస్సు స్టేషను, కార్ల విడిభాగాల దుకాణాలు, వాటిలో పనిచేసేవారి కోసం చుట్టుపక్కల అద్దె ఇళ్ళు వచ్చాయి. హమ్రియా ఆ చివరి కోవది. మూడు నాలుగు అంతస్తుల పాత భవనాలు, మిద్దెల మీద నీటి తొట్లు, కిటికీలకు వేలాడే ఏసీ పెట్టెలు, మలయాళం, బెంగాలీ, హిందీ, అరబ్బీ అక్షరాలు కలిసిన దుకాణాల బోర్డులు, క్షౌరశాలలు, డబ్బు పంపే కౌంటర్లు, వీధి చివర ఒక్కసారిగా నిటారుగా లేచే కొండ. దగ్గరలోని దార్‌సైత్‌లో కృష్ణమందిరం, ఇండియన్ సోషల్ క్లబ్ ఉన్నాయి. పండగనాడు అక్కడికి వచ్చే తెలుగువారిలో వైద్యులూ ఇంజనీర్లూ ఉంటారు. జగిత్యాల, నిజామాబాద్, కడప, కోనసీమ పల్లెల నుంచి వచ్చిన మేస్త్రీలు, డ్రైవర్లు, ఇంటిపని చేసే స్త్రీలు కూడా ఉంటారు.

ఇలాంటి పేటలు ఒకే సందర్భంలో లోకానికి కనిపిస్తాయి, ఆపద వచ్చినప్పుడు. 2007 జూన్‌లో గోనూ తుపాను వచ్చి మస్కట్ వాదీలు పొంగినప్పుడు పల్లపు పేటల చిత్రాలు వచ్చాయి. రాయలసీమలో వంక అనేదానికి వాదీ దగ్గరి చుట్టం. ఏడాదంతా పొడిగా ఉండి, ఒక్క వానకు మనుషులను మింగగలదు. 2020 ఏప్రిల్‌లో కోవిడ్ వ్యాప్తి వల్ల మత్రా విలాయత్‌కు రాకపోకలు ఆపినప్పుడు హమ్రియా అందులో భాగమైంది. ఇరుకు గదులలో ఎక్కువమంది కలిసి నివసించే చోట శ్వాస ద్వారా వ్యాపించే జబ్బు ఎలా పాకుతుందో వైద్యులకు కొత్తగా చెప్పనక్కరలేదు. కానీ అప్పుడు అందరికీ తెలిసిన హమ్రియా రోగపటంలోని ఒక మచ్చ. అక్కడ జబ్బు లేనినాడు జీవితం ఎలా ఉండేదో చూపే చిత్రం ఎవరి దగ్గరా లేకపోతే, ఆ మచ్చే దాని చరిత్రగా మిగులుతుంది. ఒక మనిషి గురించి మిగిలిన కాగితం అతని మరణధ్రువపత్రం ఒక్కటే అయినట్టు.

4. వర్ణనకు పక్కనే చాటువు

తెలుగు సాహిత్యం పట్టిక ప్రకారమే నడిచిందనుకోవడం సరికాదు. శృంగారనైషధం రాసిన శ్రీనాథుడి పేరనే పల్నాటి మీద చాటువులు ప్రచారంలో ఉన్నాయి. అక్కడి రాళ్ళు, నీటి కరువు, జొన్నకూడు తప్ప దొరకని తిండి – ఏవీ అష్టాదశ వర్ణనల్లో చేరేవి కావు. విసుగుతో, వెటకారంతో చెప్పిన ఆ పద్యాల నుంచి పదిహేనో శతాబ్దపు పల్నాడు తెలిసినంతగా ఏ పర్వతవర్ణన నుంచీ ఒక కొండ తెలియదు. ఆముక్తమాల్యదలో కృష్ణదేవరాయలు ఋతువర్ణన అనే పట్టికలోని అంశాన్నే తీసుకుని, తడిసిన కట్టెలతో పొయ్యి అంటుకోక ఇల్లాలు పడే అవస్థ దాకా దించాడు. ఆకాశాన ఉన్న మేఘాన్ని వంటింటి పొగతో కలిపాడు. చూపు దగ్గరికి వచ్చినప్పుడు వర్ణనే దస్తావేజు కాగలదని చెప్పడానికి ఇంతకన్న ఉదాహరణ అక్కరలేదు.

వచనంలో ఈ దగ్గరి చూపుకు మూలపురుషుడు ఏనుగుల వీరాస్వామయ్య. మద్రాసు సుప్రీం కోర్టులో దుబాసీగా పనిచేసిన ఆయన 1830 మే 18న బయలుదేరి 1831 సెప్టెంబరు 3న తిరిగివచ్చాడు. ఆ యాత్రలో రాసిన ఉత్తరాలే కాశీయాత్ర చరిత్ర. గుళ్ళు, నదులు సరే. మజిలీ మజిలీకి ఎంత దూరం, దారి ఇసుకా రాయా, మంచినీళ్ళు ఉన్నాయా, అంగళ్ళలో ఏమి దొరుకుతాయి, దిగడానికి చోటు ఉందా అన్నవి ఆయన వదలలేదు. తర్వాత వచ్చే బాటసారికి పనికిరావాలన్న ఎరుకతో రాసిన రాత అది. పుస్తకం 1838లో అచ్చయింది. ఫ్రాన్సులో దగేర్ ఛాయాచిత్ర పద్ధతి లోకానికి వెల్లడైంది 1839లో. అంటే కెమెరా పుట్టే నాటికే తేదీ, చోటు, దూరం వేసి కళ్ళెదుట ఉన్నదాన్ని నమోదు చేసే పద్ధతి తెలుగులో అచ్చులో ఉంది. ఆ పద్ధతి ఫోటో ఆల్బములకు అంది ఉంటే వాటి స్వరూపం మరోలా ఉండేది.

నమోదు విలువ ఎంతటిదో అమరావతి చూపుతుంది. కల్నల్ మెకంజీ పద్దెనిమిదో శతాబ్దం చివర అక్కడి స్తూపాన్ని మొదటిసారి చూశాడు. 1816లో మళ్ళీ మనుషులతో వచ్చి శిల్పాలకు కొలతలతో బొమ్మలు గీయించాడు. అప్పటికే రాళ్ళు ఊళ్ళో కట్టడాలకు తరలిపోతున్నాయి, కొన్ని సున్నపుబట్టీల పాలయ్యాయి. ఆ తర్వాత పోయిన శిల్పాలలో కొన్నింటికి ఇప్పుడు మిగిలిన ఆధారం ఆ బొమ్మలే. 1858లో లినేయస్ ట్రైప్ మద్రాసు చేరిన అమరావతి ఫలకాలను ఫోటోలు తీశాడు. ఆ ఛాయాచిత్రాలు ఆనాటికి ఏ రాయి ఏ స్థితిలో ఉందో చెబుతాయి. మెకంజీ చిత్రకారులు అందం కోసం గీయలేదు. అయినా ఆ గీతలలోని శ్రద్ధ చూసేవారికి అందంగానే ఉంటుంది.

5. రాళ్ళను కాపాడిన చూపు

దగ్గరి వింతలను ఫోటో తీయడం ఎంతవరకు పనికివస్తుందన్న ప్రశ్నకు హైదరాబాదు దగ్గర ఒక జవాబు ఉంది. నగరం చుట్టూ ఒకదానిపై ఒకటి పేర్చినట్టు నిలిచిన గ్రానైట్ గుండ్ల వయసు సుమారు 250 కోట్ల సంవత్సరాలు. భూమిలోపల బీటలుపడి, అంచులు అరిగి, పై మట్టి కొట్టుకుపోయి అవి బయటపడ్డాయి. ఊరివాళ్ళకు అవి రోజూ కనబడేవి గనక చూడదగ్గవిగా ఎన్నడూ లెక్కకు రాలేదు. ఇళ్ళస్థలాలకు అడ్డుగా మాత్రం లెక్కకు వచ్చాయి. ఈ గుండ్లను పగలగొట్టడం ఉధృతమైన కాలంలో, 1996లో, సొసైటీ టు సేవ్ రాక్స్ ఏర్పడింది. నగర చరిత్రకారుడు నరేంద్ర లూథర్ దానికి చాలాకాలం నాయకత్వం వహించారు. ఆ సంస్థ చేసినవి చిన్న పనులు: రాళ్ళ దగ్గరికి కలిసి నడవడం, వాటిని ఫోటోలు తీయడం, పేర్లూ చోట్లూ నమోదు చేయడం, ఆ చిత్రాలను ప్రజల ముందు పెట్టడం. కొన్ని శిలాస్థలాలు నగర వారసత్వ జాబితాలోకి ఎక్కాయి. చాలా గుండ్లు పోయాయి కూడా. కానీ పోయినవాటికి ఇప్పుడు చిరునామా ఉంది. ఫలానా చోట ఫలానా ఆకారం ఉండేదని చూపగలిగే ఆధారం ఉంది. కళ్ళెదుటి రాయి చూడదగ్గది కావడానికి దాని ఆకారం మారలేదు, చూసేవారి అలవాటు మారింది.

6. మూడు అభ్యంతరాలు

హమ్రియా వీధిని తీయమనడానికి అడ్డుచెప్పేవారి వాదాలు బలమైనవే. మొదటిది విశ్రాంతి. ఆరు రోజులు ఇరుకులో ఉన్నవాడు ఏడో రోజు నీళ్ళను, ఆకాశాన్ని కోరుకోవడంలో తప్పేముంది? తప్పు లేదు. వాదీ షాబ్ ఫోటోలు మానుకోవాలన్న వాదన ఇక్కడ లేదు. యాభైలో రెండు ఇంటి దగ్గరివి ఉండాలన్నదే ప్రతిపాదన.

రెండోది మర్యాద. పేదపేటను వింతగా తీయడం, కూలివాడి అలసటను కళాఖండం చేయడం ఇంకొక రకం దోపిడీ. ఎండలో ముడతలుపడ్డ ముఖాన్ని దగ్గరగా తీసి పోటీలకు పంపే ధోరణి ఎక్కడైనా ఉన్నదే. ఆ ముఖానికి పేరుండదు, చోటుండదు. అది కూడా పట్టికలోని మరొక వర్ణన అవుతుంది. కారు దిగి, తీసి, కారెక్కి పోయేవాడి చూపుకూ, అక్కడే ఉప్పూపప్పూ కొనుక్కునేవాడి చూపుకూ తేడా ఉంది. శ్రీనాథుడి చాటువుకు ప్రాణం అతను ఆ జొన్నకూడు తిన్నవాడు కావడం.

మూడోది చట్టం. ఒమాన్‌లో 2011 నాటి సైబర్ నేరాల చట్టం కెమెరా ఉన్న ఫోనులతో ఇతరుల వ్యక్తిగత, కుటుంబ జీవితానికి భంగం కలిగించడాన్ని శిక్షార్హం చేసింది. సైనిక, ప్రభుత్వ స్థలాల దగ్గర జాగ్రత్త అవసరం. చట్టం లేకపోయినా అడగకుండా మనిషిని తీయకూడదన్నది కనీస సభ్యత. వైద్యులకు ఇది అలవాటైన నియమం. రోగి గాయాన్ని బోధన కోసం తీయాలన్నా ముందు అనుమతి తీసుకుంటారు.

ఈ రెండు మూడు అభ్యంతరాలకు ఫోటోగ్రఫీ చరిత్రలోనే ఒక పరిష్కారం ఉంది. యుజీన్ ఆట్‌జే దాదాపు మూడు దశాబ్దాలపాటు, 1927లో చనిపోయేదాకా, తానున్న పారిస్‌లోనే తిరిగి పాత వీధులను, దుకాణాల ముఖాలను, మెట్లను, ముంగిళ్ళను తీశాడు. వాటిని చిత్రకారులకు పనికివచ్చే ఆధారాలుగా అమ్ముకున్నాడు. చాలా చిత్రాలలో మనుషులే లేరు. అయినా దుకాణం ముందు వేలాడదీసిన సరుకులో, అరిగిన మెట్టులో, తలుపు పక్క ఆనించిన బండిలో మనుషులు నిండుగా ఉన్నారు. హమ్రియాలోనూ ముఖాలు అక్కరలేదు. నాలుగు భాషల బోర్డు, మెట్లకింద వదిలిన చెప్పుల వరుస, మిద్దెమీది నీటి తొట్టి, గోడకు అంటించి చింపిన గది అద్దె కాగితం, వీధి చివర కొండ మీది తెల్లగీత – ఇవి చాలు.

7. పాత ఫిల్ము

ఛాతీ ఎక్స్‌రేలో ఒక మచ్చ కనబడితే రేడియాలజిస్టు మొదట అడిగేది పాత ఫిల్ము ఉందా అని. అయిదేళ్ళ కిందటి చిత్రంలోనూ మచ్చ అలాగే ఉంటే సాధారణంగా భయం తగ్గుతుంది. అప్పుడు లేక ఇప్పుడు ఉంటే వైద్యం దారి మారుతుంది. ఆ పాత ఫిల్ముకు అందం అక్కరలేదు. పేరు, తేదీ, కుడి ఎడమల గుర్తు, అదే భంగిమ ఉంటే చాలు. ఒక్క చిత్రానికి లేని శక్తి రెండింటి పోలికకు ఉంది.

చోట్ల ఫోటోలకూ ఇదే సూత్రం. అమెరికాలో మార్క్ క్లెట్, ఆయన సహచరులు 1977 నుంచి 1979 దాకా, పందొమ్మిదో శతాబ్దపు సర్వే ఫోటోలు తీసిన చోట్లను వెతికి, అదే స్థానంలో నిలబడి మళ్ళీ తీశారు. కొన్నిచోట్ల నూరేళ్ళలో రాయి కూడా కదలలేదు. కొన్నిచోట్ల లోయ నీటికింద మునిగింది. ఆ పని సాధ్యమైంది పాతవాళ్ళు ఎక్కడ నిలబడ్డారో తేల్చుకోగలగడం వల్ల. నేటి ఫోను ప్రతి చిత్రంలో తేదీనీ, అనుమతిస్తే చోటునూ తానే రాసుకుంటుంది. కానీ సందేశాల యాప్‌ల ద్వారా మామూలుగా పంపినప్పుడు చిత్రం కుదించుకుపోయి, ఆ వివరాలు సాధారణంగా తొలగిపోతాయి. బంధువుల ఫోనులలో మిగిలేది చోటు తెలియని కొండ. అసలు ఫైలును దాచుకోవడం, దాని కింద రెండు పంక్తులు తెలుగులో రాసుకోవడం వీరాస్వామయ్య తన ఉత్తరాలకు తీసుకున్న జాగ్రత్తకు నేటి రూపం.

ఆ రెండు పంక్తులలో ఉండవలసినవి కొద్దే: వీధి, తేదీ, ఏ దిక్కుగా నిలబడి తీసింది, ఇక్కడ ఏమి జరిగేది. ‘రెండో అంతస్తులో కడప వాళ్ళు ఉండేవారు, కింద కొట్టులో శుక్రవారం గోంగూర వచ్చేది’ అన్నపాటి రాత చాలు. ఏటా ఒకసారి అదే మిద్దె నుంచి అదే కొండను తీస్తే పదేళ్ళకు పది చిత్రాలు అవుతాయి. వాటిలో కొండ మారదు. దాని ముందు భవనాలు, బోర్డులు, తీగలు, తొట్లు మారతాయి. పాత భవనాలు కూలి కొత్తవి లేచే పేటలో, పదేళ్ళ తర్వాత ఆ వీధి ఎలా ఉండేదని అడిగేవాడికి – అక్కడే పుట్టి మరో దేశంలో పెరిగిన పిల్లవాడే కావచ్చు – చూపడానికి ఏదైనా ఉంటుంది. జబల్ షమ్స్ అప్పుడూ అక్కడే ఉంటుంది, ఎవరైనా తీస్తారు. హమ్రియాలోని ఆ మిద్దె నుంచి తీయగలిగినవారు, ఇప్పుడు ఆ గదిలో అద్దెకున్నవారు మాత్రమే.